కప్పు కింద నలభై అయిదు వాట్లు

నా చిన్నప్పుడు, అంటే ఏడో తరగతిలో ఉండగా, కరెంటు గురించి నాకు మూడు సంగతులు తెలుసు. ఒకటి, తడి చేత్తో తాకితే కొడుతుంది. రెండు, పొద్దు గూకగానే తగ్గుతుంది. మూడు, రెండు తీగలను గట్టిగా మెలిపెడితే ఇటున్నదంతా అటు పోతుంది. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడోది నా అంతట నేనే కనిపెట్టానని నాకు గర్వంగా ఉండేది.

అప్పట్లో మేము వరంగల్ ఊరి చివర ఉండేవాళ్లం. మా పెద్దమ్మ ఇంటి వెనుక తాటాకు కప్పుతో షెడ్డు వేయించి కోళ్లఫారం మొదలుపెట్టింది. గోడలకు మట్టి మోసింది, మెత్తింది అన్నీ తనే. రెండు వందల కోడిపిల్లలు అట్టపెట్టెల్లో వచ్చాయి. తల్లి లేని పిల్లలు కాబట్టి వెచ్చదనానికి బల్బులు వేలాడదీయాలి. వంద వాట్ల బల్బులు నాలుగు తెచ్చింది. ఇంటి నుంచి షెడ్డు దాకా రాగి తీగ చాలలేదు. మూలన పడి ఉన్న అల్యూమినియం తీగను దానికి మెలిపెట్టి, పాత గుడ్డ చుట్టి, కప్పు కింద వెదురుబద్దకు కట్టింది నేనే. "మా ఇంజనీరు కలిపిండు" అని పెద్దమ్మ వాడంతా చెప్పుకుంది.

చలికాలం. చీకటి పడేసరికి పిల్లలన్నీ బల్బుల కిందికి ఉరికి, ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. తెల్లారి చూస్తే అడుగున పడ్డవి ఊపిరాడక చచ్చి ఉండేవి. మొదటి రోజు ఏడు. మరునాడు పదకొండు. మూడోనాడు పధ్నాలుగు.

"ఏదో రోగం తగిలింది. రేపు గూడ గిట్లనే సస్తే, ఉన్నయి ఎవరికన్న ఇచ్చేసి షెడ్డు ఇప్పేద్దాం" అన్నాడు పెద్దనాన్న. పెద్దమ్మ వంగి, చచ్చిన పిల్లలను చాటలోకి ఎత్తుతూ ఉండిపోయింది.

పక్కింటి అక్క పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతుండేది. గోడ మీది నుంచి చూసి, "రోగం గాదు పెద్దమ్మా. రోగమొస్తె మూలకు ముడుసుకుంటయి. ఇవి బల్బు కిందికి ఉరుకుతున్నయి. వీటికి సలి" అంది.

"వంద బల్బులు నాలుగున్నయి గదనే! ఇంకేం సలి?"

"వంద అని బల్బు మీద రాసున్నది. ఎంత ఇస్తున్నదో కొలిస్తెనె తెలుస్తది."

ఆ సాయంత్రం కాలేజీలో అడిగి రెండు మీటర్లు తెచ్చింది. వోల్టులు చూపేది ఒకటి, ఆంపియర్లు చూపేది ఒకటి. తీగలు తనే ముట్టింది. నాకు నోటుబుక్కు ఇచ్చి, సూది ఎక్కడ ఆగితే అది రాయమంది. వోల్టు అంటే కరెంటును తోసే బలం, ఆంపియర్ అంటే తీగలో పారుతున్నది. రెండింటినీ హెచ్చవేస్తే ఎంత శక్తి ఖర్చవుతున్నదో వాట్లలో వస్తుంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఎంత అడ్డుకుంటున్నదో ఓముల్లో వస్తుంది. నాకు అక్కడ చెప్పిన పాఠం అంతే.

షెడ్డులో బల్బుల దగ్గర నూట ఎనభై వోల్టులు. నాలుగు బల్బులూ కలిసి తీసుకుంటున్నది ఒకటిన్నర ఆంపియర్. హెచ్చవేశాను. రెండు వందల డెబ్బై వాట్లు. నాలుగు వందలు ఉండాల్సిన చోట అంతే ఉంది. తరువాత ఇంట్లో బోర్డు దగ్గర కొలిచాం. రెండు వందల ముప్పై రావాల్సింది, పొద్దు గూకాక అక్కడికే తగ్గి వస్తున్నది. రెండు వందల పది వోల్టులు.

"బోర్డు కాడ రెండొందల పది. ఈడ నూటెనభై. మరి ముప్పై ఏడ వోయినయి తమ్మీ?"

"దూరం గద అక్కా, తొవ్వల అరిగిపోతయి" అన్నాను ధీమాగా.

"అరగనీకి అవేమన్న చెప్పులా? భాగించి సూడు."

ముప్పైని ఒకటిన్నరతో భాగిస్తే ఇరవై ఓములు వచ్చింది. ఇంత తీగకు ఒక్క ఓము ఉన్నా ఎక్కువేనంది. మిగిలినదంతా ఒక్కచోటే కూర్చుని ఉందంది. హెచ్చవేయమంది. ముప్పై ఒకటిన్నరలు నలభై అయిదు. వెలుగు లేని నలభై అయిదు వాట్ల బల్బు ఒకటి ఈ దారిలో ఎక్కడో కాలుతున్నదన్న మాట.

అక్క కప్పు వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు. మీటరు తీగలు చుట్టుకుంటూ కూర్చుంది. ఈ దారిలో అతుకు ఉన్నది ఒక్కచోటే. దాన్ని వేసింది ఎవరో ఆమెకు కూడా తెలుసు.

మెయిన్ ఆపించి నిచ్చెన ఎక్కాను. నేను చుట్టిన గుడ్డ ముట్టుకుంటే బూడిదై రాలింది. దాని కింద, పైపొర గీకకుండా నేను మెలిపెట్టిన తీగ నల్లబడి ఉంది. వెదురుబద్ద జానెడు మేర మాడింది. మాడిన చోటుకూ తాటాకుకూ నడుమ నాలుగు వేళ్ల ఎడం కూడా లేదు. ఆ బూడిదను దులిపేసి, తీగ పాతదని ఒక్క మాట అంటే సరిపోయేది. అక్క కాదనేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ లెక్క నా చేతిరాతలోనే ఉంది.

నూకల గంపతో వచ్చిన పెద్దమ్మకు నిచ్చెన మీది నుంచే చెప్పాను. "పెద్దమ్మా, రోగం గాదు. నేను కలిపిన కాడనే కరెంటు ఆగింది. పిల్లలు సచ్చింది నావల్లనే."

ఆమె తలెత్తి మాడిన బద్దను చూసింది. "నీ చెయ్యిరగ! షెడ్డు గాలకముందే సెప్పినవ్ తియ్. ముందు కిందికి దిగు, పడుతవ్" అంది. గంప దించి నిచ్చెన పట్టుకుంది.

అక్క తమ ఇంట్లోంచి రాగి తీగ తెచ్చి, బోర్డు నుంచి బల్బుల దాకా అతుకు లేకుండా లాగింది. మళ్లీ కొలిచాం. రెండు వందల పది వోల్టులకు కొంచెం తక్కువ, ఒకటి పాయింట్ ఆరు అయిదు ఆంపియర్లు. దాదాపు మూడు వందల నలభై అయిదు వాట్లు. ఇంకో బల్బు కూడా కట్టాం. కొంతసేపటికి గుట్టగా ఉన్న పిల్లలు విడిపోయి, ఊకపొట్టు మీద అక్కడక్కడా సర్దుకుని పడుకున్నాయి. మరునాడు చచ్చినవి రెండు. ఆ తరువాత లేవు. షెడ్డు విప్పుతానన్న పెద్దనాన్న వచ్చి, వదులైన తలుపుకు రెండు మేకులు కొట్టి పోయాడు.

తరువాత నేనూ ఆ చదువే చదివాను. సూత్రాలు పుస్తకాల్లో చాలానే దొరికాయి. ఆ సాయంత్రం నాకు దొరికింది మాత్రం వేరు. తప్పు ఎవరిదో తెలిసి కూడా అక్క వేలు చూపలేదు. లెక్క నా చేతిలో పెట్టి, నేను అక్కడికి చేరేదాకా ఆగింది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలతో నేనూ అలాగే ఆగుతాను. నేను చేసిన పనిలో ఏదైనా చెడిందని ఎవరైనా పిలిస్తే మాత్రం అస్సలు ఆగను. ముందు నేను కలిపిన చోటనే మీటరు పెడతాను.