ఎండబెట్టిన మందు

పోయిన వారం మా వీధి కొళాయి దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కలు ఏదో మందు వేసి, రంగు తిరిగేదాకా చూసి, పుస్తకంలో రాసుకుంది. "ట్రైనింగులో నేర్పారండీ, రోజూ చూడాలంట" అంది, నేను అడక్కుండానే. నీళ్ళు లేత పసుపుకు తిరిగాయి. నేను లోపలికొచ్చి కూర్చున్నాను. బియ్యం కడగాల్సింది, కడగలేదు.

మా పెదనాన్న గురజాల దగ్గర ఒక ఊళ్ళో పంచాయతీ నీళ్ళ ట్యాంకు చూసేవాడు. నాన్న రొంపిచెర్లలో బడిపంతులు. నా ఎస్సెస్సెల్సీ అయ్యాక, పిల్లల్లేని పెద్దమ్మకు తోడుగా నన్ను అక్కడ ఉంచారు. ఈ సంగతి జరిగేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లోకి పోయేదాన్ని. పుస్తకం చేతిలో ఉంటే పొయ్యి మీద ఏముందో మర్చిపోయేదాన్ని. రోజూ డైరీలో నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. పెదనాన్న బావి దగ్గరి ఆయిల్ ఇంజను పక్కన ఏళ్ళ తరబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఇంజను ఆగినా ఆయన గొంతు తగ్గేది కాదు. మా కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా తెలిసేది. చర్చిలో ప్రార్థన కూడా, దేవుడికీ తనలాగే వినపడదేమోనన్నట్టు చేస్తాడని పెద్దమ్మ నవ్వేది. రోజూ పొద్దున్నే బ్లీచింగ్ పౌడరు డబ్బాతో కొలిచి, బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పై తేట ట్యాంకులో పోయడం ఆయన పని. ఆ వాసనకు ఊరు ఆయన్ని వదిలేది కాదు. "ఏందన్నా, నీ నీళ్ళతో చారు కాస్తే ఆస్పత్రి గుర్తొస్తంది" అనేవాళ్ళు కొళాయి దగ్గర ఆడవాళ్ళు. "ఆస్పత్రికి పోకుండా ఉంటారు, పట్టుకుని పోండమ్మా" అనేవాడు ఆయన.

ఆ ఏడు వానలకు పంపు గది కురిసి, పౌడరు సంచి చెమ్మగిల్లి గడ్డలు కట్టింది. పెదనాన్న తల పట్టుకున్నాడు. "ఎండబెడదాం పెదనాన్నా" అన్నాను, చేత్తో ఎండ చూపిస్తూ. మా వైపు చెమ్మ తగిలినదేదైనా ఎండబెట్టడమే తెలుసు. మిరపకాయలు, కందులు, పరుపులు, నా పుస్తకాలు, ఏవైనా అంతే. వాన వెలిసిన రోజు చాప పరిచి, గడ్డలు చిదిపి పల్చగా నెరిపాం. కళ్ళు మండితే ముక్కులకు గుడ్డలు కట్టుకున్నాం. రెండెండలకు పౌడరు ముగ్గులా పొడిపొడిగా తయారైంది. "చదువుకున్న పిల్లంటే ఇట్టుండాల" అని పెదనాన్న ఊరంతా వినపడేలా అన్నాడు. నీళ్ళలో వాసన పోయింది. "ఇప్పుడు నీళ్ళు నీళ్ళలాగున్నయ్ అన్నా" అన్నారు కొళాయి దగ్గర. ఆయన మీసం దువ్వుకున్నాడు.

నెల తిరక్కముందే ఊళ్ళో కలరా వచ్చింది. మా వీధిలో మొదట పెద్దమ్మకే. పొద్దున వాంతులు మొదలయ్యాయి, దీపాల వేళకు మనిషి లేదు. ఆ రోజు డైరీలో "మబ్బుగా ఉంది. రెండు చీరలు ఉతికాను" అని ఉంది. ఇంకేం లేదు. నేను ఏడవలేదు. ఏడవలేదన్న సంగతి కూడా తర్వాత ఎవరో అంటే తెలిసింది.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ ట్యాంకు మనుషులందరికీ గురజాల బళ్ళో ఒక రోజు క్లాసు పెట్టారు. ఎవరి పౌడరు వాళ్ళు సీసాలో తెమ్మన్నారు. అన్నీ రాసుకొచ్చి ఇంట్లో గట్టిగా చదివి వినిపించమని పెదనాన్న నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. చిన్నపిల్లల బెంచీల మీద పెద్ద మగవాళ్ళు మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. నేను గోడ పక్కన తలొంచుకుని రాశాను. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరి పౌడరు గ్లాసు నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, చుక్క మందు వేశాడు. అందరివీ పసుపయ్యాయి. మాది మాత్రం రంగు మారలేదు. "చూశావా అమ్మాయ్, మనయ్యే తేటగున్నయ్" అన్నాడు పెదనాన్న, గది అదిరేలా. వెనక ఎవరో నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఎండబెట్టారా?" అన్నాడు. తలూపాను. "ఎండకీ గాలికీ దాంట్లో మందు పోద్దమ్మా. కళ్ళు మండినయ్ చూడు, అదే పోవటం. మిగిలేది సున్నం. రాసుకో." రాసుకున్నాను. చేతిరాత ఏం మారలేదు. ఆ పేజీ ఇప్పటికీ గుండ్రంగా, పొందిగ్గా ఉంది.

బస్సులో వస్తూ ఆ పేజీ చింపేస్తే ఏమవుతుందని ఆలోచించాను. తన చేతి నీళ్ళే పెద్దమ్మను తీసుకుపోయాయని ఆయనకు ఎప్పటికీ తెలియదు. కాని పంపు గదిలో ఆ సంచి ఇంకా సగం ఉంది. రేపు పొద్దున దాంట్లోంచే కొలుస్తాడు. ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని "చదువు" అన్నాడు. ఆయనకు వినపడాలంటే వీధికి వినపడాలి. అంత గట్టిగా నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ మాట్లాడలేదు. సంచి నేల మీద పెట్టకూడదు, మూత బిగించాలి, ఇవన్నీ చదివి, ఎండబెడితే మందు పోయి సున్నం మిగులుతుందని కూడా చదివాను. ఎదురింటి పిన్ని చెరుగుతున్న చేట ఆపేసింది. "అదింకోసారి చదువు" అన్నాడు పెదనాన్న. చదివాను. "ఎండబెడదామని నేనే గదా చెప్పింది పెదనాన్నా" అని కూడా అన్నాను. ఆ మాట మాత్రం నా మామూలు గొంతులోనే వచ్చింది. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి లేచాడు. ఊరవతల గుంట తీసి ఆ సంచిని పూడ్చాడు. మర్నాడు తొలి బస్సుకే మళ్ళీ గురజాల వెళ్ళి, మూత బిగించిన కొత్త డబ్బా తెచ్చాడు. పెద్దమ్మ మాట ఎత్తలేదు. కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు, పెట్టాను.

తర్వాత కూడా ఆ క్లాసులు జరుగుతుండేవి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని పెదనాన్నను లేపేవారు. ఆయన ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. "నేను ఎండబెట్టా. మా ఆడమనిషి పోయింది. మీరు ఎండబెట్టమాకండి." చెప్పి కూర్చునేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. గోడ పక్కన నేను రాసుకుంటూ ఉండేదాన్ని. ఆ మాట అనేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఆ సాయంత్రం అరుగు మీద నేనన్నది ఆయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. మళ్ళీ ఒకసారి, గట్టిగా, వీధికి వినపడేలా అనడానికి ఎంతసేపు పడుతుంది. ఆయన పోయేదాకా నాకు ఏళ్ళకు ఏళ్ళున్నాయి. కాలం చాలలేదని మాత్రం నేను అనలేను.