దస్తగిరన్న కొలిచిన వేడి

కడపలో మా పసిపిల్లల వార్డుకు ఉదయం డ్యూటీకి రాగానే వార్మర్ స్విచ్ వేస్తాను. అప్పుడే పుట్టిన బిడ్డలు చల్లబడకుండా పైనుంచి వేడి తగిలేలా కాయిల్ అమర్చిన చిన్న మంచం అది. వాడకుండా రెండు రోజులు ఉంచితే కాయిల్ మీద దుమ్ము చేరుతుంది. స్విచ్ వేసిన నిమిషానికి ఆ దుమ్ము కాలి, ఎండు చొప్ప అంటుకున్నట్టు వాసన వస్తుంది. కొత్త నర్సులు ముక్కు మూసుకుంటారు. నాకు దస్తగిరన్న గుర్తుకొస్తాడు. ఆయన డాక్టరు కాదు, నాకు పాఠాలు చెప్పిన మాస్టారూ కాదు. కరెంటు లైన్‌మన్.

నర్సుగా నా మొదటి ఉద్యోగం కోడుమూరుకు అవతల ఒక పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో. డాక్టరు వారంలో మూడు రోజులు వచ్చేవారు. మిగతా రోజులు నేనూ, ఆయా లక్ష్మక్కా. అక్కడ చలికాలం పొద్దున పుట్టిన బిడ్డలు వార్మర్ కింద పెట్టినా వెచ్చబడేవాళ్లు కాదు. ‘వార్మర్ సరిగా పనిచేయడం లేదు’ అని పైఆఫీసుకు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ఒక మెకానిక్ మధ్యాహ్నం పూట వచ్చి, కాయిల్ మార్చి, వేసి చూసి, బాగానే ఉందని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. రెండోసారి గుమ్మం దాటుతూ, “మీకు వాడటం తెలియదేమో మేడమ్” అన్నాడు. నిజానికి నన్ను బాధించింది ఆ మాట కాదు. ఆ మాటను నేను నమ్మడం. ఆ తర్వాత ప్రతి కాన్పుకూ నా చేతుల్ని నేనే అనుమానించుకుంటూ పనిచేశాను.

ఒక చలి ఉదయం రామలక్ష్మి అనే అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. వార్మర్ కింద పడుకోబెట్టి చాలాసేపైనా పాదాలు చల్లగానే ఉన్నాయి. అదే సమయానికి దస్తగిరన్న కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. ఆయనకు షుగర్ ఉండేది, రోజు విడిచి రోజు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు.

“ఏందమ్మా, అట్ల నిలబడినావు?” అని తలుపు దగ్గరినుంచే అడిగాడు.

“బిడ్డ వెచ్చబడటం లేదన్నా. కాయిల్ చూస్తే ఎర్రగానే ఉంది.”

“ఎర్రగుంటే సాలునా? ఎంత వేడి ఇస్తాందో చూడల్ల.”

సంచిలోంచి మీటరు తీసి ప్లగ్గు దగ్గర పెట్టాడు. నూట అరవై వోల్టులు. తీగ చుట్టూ కొక్కెంలా పట్టుకునే ఇంకో మీటరు తగిలించాడు. ఒకటి పాయింటు ఎనిమిది ఆంపియర్లు. ఓపీ చీటీ వెనక రాయమన్నాడు.

“వోల్టేజిని కరెంటుతో భాగించు. బళ్లో చెప్పింటారు గదా.”

కాయిల్ నిరోధం ఎనభై తొమ్మిది ఓములని వచ్చింది. వార్మర్ వెనక బిళ్ల మీద రెండు వందల ముప్పై వోల్టులు, ఆరు వందల వాట్లు అని ఉంది. రెండు వందల ముప్పైని దానితోనే గుణించి ఆరు వందలతో భాగించమన్నాడు. మంచి కాయిల్‌కు ఉండాల్సిన నిరోధం అది, ఎనభై ఎనిమిది.

“రెండూ ఒకటే. కాయిల్‌కు ఏమీ కాల్యా. ఇంగ నూట అరవైని ఒకటి పాయింటు ఎనిమిదితో గుణించు.”

రెండు వందల ఎనభై ఎనిమిది వాట్లు.

“ఆర్నూరు రావాల్సిన చోట మున్నూరు గూడా రావడంల్యా. పొద్దన్నే బోరు మోటార్లన్నీ ఒక్కపారి ఏస్తారు, మద్యాన్నానికి ఆపేస్తారు. మీ ఆస్పత్రి లైను కొసన ఉండాది. వోల్టేజి మూడో వంతు పోల్యా, వేడి సగం పోయింది చూడు. నువ్వు చేసేదాంట్లో తప్పేం ల్యా.”

యంత్రం కోసం ఇక చూడలేదు. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, దుప్పటి కప్పాను. దస్తగిరన్న కట్టు మాట మరిచి బండెక్కి వెళ్లిపోయాడు. దగ్గర్లోని నాలుగు చేలకు పోయి, “పసిబిడ్డప్పా, రెండు గంటలు ఆపండి” అని అడిగి మోటార్లు ఆపించాడని తర్వాత తెలిసింది. అరగంటలో ఆయన తిరిగొచ్చి మీటరు పెడితే వోల్టేజి రెండు వందలకు చేరింది. పొద్దెక్కేసరికి బిడ్డ పాదాలు నా అరచేతిలో వెచ్చగా తగిలాయి.

మూడోసారి ఉత్తరం రాయబోతే ఆయనే ఆపాడు. “సరిగా ల్యా అంటే వాళ్లకేం అర్థమైతాది? ఏ పొద్దు ఎంతుండాదో అది రాయి.” పది రోజులు వరసగా పొద్దున్నే వచ్చి కొలిచాడు, నేను రాసుకున్నాను. అలాంటి ఒక ఉదయమే ఆయన వేళ్ల సంగతి అడిగాను.

“లైను ఆపినామని ఒగాయప్ప చెప్పినాడు, పోలు ఎక్కినా. ఆయప్ప అబద్ధం చెప్పల్యా, పొరబడినాడు. నేను మీటరు పెట్టి చూసుకోల్యా.” మీటరు సంచిలో పెట్టుకుంటూ, “ఇప్పటికీ ఇద్దరం ఒగే చోట టీ తాగుతాం” అన్నాడు.

ఆ అంకెలతోనే ఉత్తరం పంపితే, నెల తిరిగేలోగా స్టెబిలైజర్ వచ్చింది. బిగించింది ఆ మెకానికే.

నేను కడపకు బదిలీ అయ్యాక దస్తగిరన్నను రెండుసార్లే చూశాను. పోయాడన్న సంగతి లక్ష్మక్క ఫోన్ చేస్తే తెలిసింది, అప్పటికే నలభయ్యో రోజు ప్రార్థన కూడా అయిపోయింది. ఆ బిడ్డ ఇప్పుడు పదో తరగతని కూడా ఆమే చెప్పింది.

మొన్న మా వార్డులో ఒక కొత్త నర్సు, “ఈమెకు పాలివ్వడం రాదు సిస్టర్, బిడ్డ ఊరికే ఏడుస్తోంది” అంది. ఆ తల్లి తల వంచుకుని కూర్చుంది. పాలు పట్టకముందు, పట్టాక బిడ్డను తూచమన్నాను. బరువు పెరగలేదు. తల్లి పాలు పిండి చూస్తే కావలసినన్ని ఉన్నాయి. బిడ్డ నోరు తెరిచి చూస్తే నాలుక కింద పొర అతుక్కుని ఉంది, అందుకే పాలు చీకలేకపోతోంది.

“చూడమ్మా, నీ దగ్గర తప్పేం లేదు” అన్నాను. ఆమె తలెత్తింది.