నా బ్లాగు బయట నేను

నా బ్లాగును ప్రపంచమంతా చదువుతుందని ఇబ్రహీంపట్నం బస్సులో పక్క సీటు అమ్మాయికి చెప్పాను. మెడలో కంపెనీ కార్డుతో కొంగరకలాన్‌లో డ్యూటీకి పోతోంది. నిజానికి చదివినవారి లెక్కలో సగం నేనే. పెరిగిందేమోనని తెరిచి చూసినప్పుడల్లా పెరిగేది.

నా గోడు వేరు. మా ఆవిడ పప్పుచారు మీద వెటకారంగా రాశాను. అది తీసేదాకా మాట్లాడనంది. తీద్దామంటే, ఫోను మార్చాక బ్లాగు నన్నే లోపలికి రానివ్వదు. నేనెప్పుడో వదిలేసిన పాత నంబరుకే కోడ్ పంపుతుంది. ఇంట్లో మౌనం, బ్లాగుకు తాళం. కిక్కిరిసిన ఆ బస్సులో కిటికీకి అతుక్కుని అదంతా ఆమెతో వెళ్లగక్కాను.

ఆమె నా ఫోనులో కోడ్ కోసం నొక్కి, తన ఫోనుతో ఆ పాత నంబరుకే కాల్ చేసింది. ఎవరో ఒకాయన ఎత్తాడు.

"అన్నా, ఈ నంబరు ముందుగాల నా పక్కనున్న తాతది. గిప్పుడొచ్చిన కోడ్ జర చెప్తవా?"

"రోజూ గివే మెసేజ్‌లు. చెప్త గని, మళ్ల పంపొద్దని చెప్పు ఆయనకు."

కొంగరకలాన్ రాకముందే పప్పుచారు మాయమైంది. పేరడిగేలోపు ఆమె దిగిపోయింది.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"సగం నువ్వని రాసినవ్ గదా, మిగతా సగం నేను. ఇంకెవ్వరు చదువరు. గందుకే గా పప్పుచారు మాట మనసుకు తాకింది" అంది.