విమానం దాటాక మిగిలిన మోత

మా పై వాటాలో ఉండే తమ్ముడు పోయిన సోమవారం చనిపోయాడు. గగన్‌పహాడ్‌లో పనిచేసే చోటే గుండె ఆగిందట. వాళ్ళమ్మకు ఫోన్‌లో మాట వినబడదని నాకు చేశారు. మెట్లెక్కి ఆ పెద్దమ్మకు చెప్పవలసింది నేనే అయింది.

అతను నా తోడబుట్టినవాడు కాదు. కిరాయికి దిగిన రోజే తోడుకు కాస్త పెరుగు అడిగి, అక్కా అని పిలిచాడు. చెవి మిషన్లలో అక్కరలేని మోతను వడకట్టే లెక్కలు రాయడం అతని పని. వాళ్ళమ్మకోసం సొంతంగా ఒకటి చేస్తున్నాడు. శంషాబాద్‌లో ఇంటి మీదుగా విమానం పోతే ఎవరికీ మాట వినబడదు. పెద్దమ్మకైతే అది పోయాక కూడా మిషన్‌లో సన్నటి మోత ఆగేది కాదు.

"ఇమానం దిగినోళ్లు ఇండ్లకు గూడ పోయిన్రు. నా చెవుల ఇంక తిరుగుతనే ఉన్నది" అని ఆమె ఎగతాళి.

"కంప్యూటర్ల మంచిగనే ఉన్నదే అమ్మా!" అని ఇతని పరేషాన్.

ఒక సాయంత్రం మా వంటింట్లో నేను పాలు తోడేస్తుంటే అడిగాడు.

"పెరుగు రోజురోజుకు పుల్లగైతున్నదేంది అక్కా?"

"నిన్నటి పెరుగే కదా ఇయ్యాల తోడు. అర చెంచా చాలు, గాని చెయ్యి నిండు చెంచాకే పోతది."

నవ్వబోయి ఆగిపోయాడు. "నాది గూడ గదే అక్కా" అన్నాడు. అతని లెక్కలోనూ బయటికొచ్చిన శబ్దంలో కొంత మళ్ళీ లోపలికి పోతుందట. కంప్యూటర్‌లో దశాంశాలకు చోటుంది, మిషన్‌లోని చిన్న చిప్‌లో లేదు.

"మోత సగం సగం తగ్గుకుంట ఒకటి దాంక వస్తది. ఆ తర్వాత అర గావాలె. అరకు జాగ లేదు, మళ్ల ఒకటే రాస్కుంటది. ఇగ సున్నా ఎప్పుడు గావాలె?"

అప్పటినుంచి మిగిలిన ముక్కను ఎప్పుడూ సున్నా వైపే దించేలా లెక్కను మారుస్తూ వచ్చాడు. "చిన్న ముక్కనే అనుకోవద్దక్కా, మళ్ల లోపలికే పోతది" అనేవాడు. విమానం దాటగానే మెట్ల మీద నిలబడి, గొంతు పెంచకుండా "అమ్మా" అని పిలిచి చూసేవాడు. ఆమె కిటికీ వైపే చూస్తూ ఉండేది.

ఆ సోమవారానికి ముందు ఆదివారం ఆమె తిరిగింది.

"ఏందిరా, దొంగోని లెక్క గంత మెల్లగ పిలుస్తున్నవ్?"

పరుగున కిందికొచ్చి "సున్నా అయింది అక్కా" అన్నాడు. గిన్నెడు పుల్లటి పెరుగు, నిలబడే తిన్నాడు.

మర్నాడు నేను చెప్పిన మాట ఆ మిషన్‌లోంచే ఆమెకు చేరింది. ఒక్కసారికే వినబడింది.

నిన్న పెరుగన్నం తీసుకుని పైకి వెళ్ళాను. విమానం వచ్చింది, పోయింది. ఏదో చెప్పబోతే పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. మిషన్‌ను చెవికి అదుముకుని, మెట్ల వైపు తిరిగి కూర్చుంది.