పది నిమిషాల బోర్డు

మా తాతని పార్కులో అందరూ బోర్డు బాబాయ్ అనేవాళ్ళు. ఊరి చివర థీమ్ పార్కులో ఇరవయ్యారేళ్ళు ఆయన చేసిన పని ఒక్కటే, జెయింట్ వీల్ ముందు క్యూ చూసుకోవడం. పని చిన్నదే, కానీ తాత దాన్ని జడ్జి ఉద్యోగం చేసినంత ఠీవిగా చేశాడు.

క్యూ తోక దగ్గర ఒక చెక్క బోర్డు ఉండేది. పైన 'ఇక్కడి నుంచి' అనీ కింద 'నిమిషాలు' అనీ రాసి, మధ్యలో రెండు కొక్కేలు పెట్టారు. వాటికి రేకు అంకెలు తగిలించాలి. ఆ అంకెలకి రంగు వేసింది తాతే. ఆయన అయిదుకి పొట్ట ఉంటుంది. రెండు, కూర్చున్న బాతులా ఉంటుంది. బడిలో చేతిరాతకి ఎన్ని దెబ్బలు తిన్నాడో వాటిని చూస్తేనే తెలిసిపోతుంది. కానీ ఆ అంకెకి తిరుగులేదు. క్యూ పొడుగునా కమ్మీలకి ఇనప స్తంభాలుంటాయి. రెండు స్తంభాల మధ్య ఎనిమిది మంది పడతారు. చక్రం దఫాకి ఎనభై మందిని ఎక్కించుకుని ఎనిమిది నిమిషాల్లో దించేస్తుంది. తాత ఈ లెక్క కాగితం మీద ఎప్పుడూ వెయ్యలేదు, వేసుంటే తప్పేది కూడా. క్యూ వైపు ఒకసారి కళ్ళు చికిలించి చూసి, వెళ్ళి అంకె మార్చేవాడు. ముప్పై అన్నాడంటే ముప్పయ్యే.

"కాస్త తగ్గించి తగిలించవయ్యా, జనం బోర్డు చూసి వెనక్కి పోతున్నారు" అన్నాడట పాత మేనేజరు ఒకసారి.

"పోనివ్వండి సార్, రేపొస్తారు. అబద్ధం తగిలిస్తే ఎల్లుండి కూడా రారు" అన్నాడట తాత.

ఈ కథ ఇంట్లో నాలుగొందల సార్లు నడిచింది. చెప్పిన ప్రతిసారీ మేనేజరు కాస్త పొట్టివాడయ్యేవాడు, తాత కాస్త పొడుగయ్యేవాడు.

నాయనమ్మది ఇస్త్రీ పని. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా హ్యాంగర్లు, నేల మీద పార్కు యూనిఫారాల మూటలు. పొద్దున్నుంచీ నించునే పని కావడంతో మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు పావుగంట దాటితే కాళ్ళు ఆవిడ మాట వినవు. తాత ఆ పనిలో చేరిన కొత్తలో ఆవిడ ఆయన్ని ఒకే ఒక్కటి అడిగింది. ఆ చక్రం ఎక్కాలి, పైనుంచి ఊరు చూడాలి, పక్కన మొగుడుండాలి. తాత జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే: "జనం తగ్గనీ." పక్క గేటు నుంచి ఎక్కించెయ్యొచ్చుగా అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. "పెళ్ళాన్ని క్యూ తప్పించిన మొహం పెట్టుకుని రేపు జనానికేం చెప్పను?" జనం తగ్గనే లేదు, ఈలోగా ఉద్యోగమే అయిపోయింది.

రిటైరైన రోజు తాత బోర్డుని గెడకర్రకి అప్పగించాడు. గెడకర్ర తాత కింద పదేళ్ళు పనిచేసిన మనిషి. ఏ గుమ్మమైనా వంగి దాటాల్సినంత పొడుగు, కాబట్టి ఆ పేరు. తాతని బాబాయ్ అంటాడు, నాయనమ్మని పిన్నీ అంటాడు, మా ఇంట్లో లెక్కలేనన్ని సార్లు అన్నం తిన్నాడు. ఇప్పుడు వాడే సూపర్‌వైజరు.

"ఇది అబద్ధం చెప్పకూడదురా" అన్నాడు తాత, అంకెల సంచీ చేతికిస్తూ.

"నా ప్రాణం పోయినా చెప్పదు బాబాయ్."

తాత కళ్ళు తుడుచుకున్నాడు. ముక్కు కూడా తుడుచుకున్నాడని నాయనమ్మ కథనం.

ఆర్నెల్ల తర్వాత గెడకర్ర ఒక రంగుల కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. పార్కులో 'రాత్రి స్పెషల్' మొదలుపెట్టారు. మామూలు జనాన్ని సాయంత్రం బయటికి పంపేసి, వేరే టికెట్టు కొన్నవాళ్ళని మూడు గంటలు లోపలికి వదులుతారు. ఏ రైడ్ దగ్గరా పది నిమిషాలు మించి ఆగక్కర్లేదట. ధర పగటి టికెట్టుకి మూడింతలు.

నాయనమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివింది. "ఈ డబ్బుకి చక్రమే ఇంటికొచ్చి నా చుట్టూ తిరగాలి."

"నీ మోకాళ్ళ కోసమే పుట్టిందనుకో పిన్నీ ఈ టికెట్టు."

"ఎంతమందిని వదుల్తారు?" తాత అడిగాడు.

"ఆరొందలే బాబాయ్. అంతకి ఒక్కటి మించదు."

ఆరొందలంటే తాత కళ్ళ ముందు ఖాళీ కమ్మీలు మెరిశాయి. ఇరవయ్యారేళ్ళుగా వాయిదా పడుతున్న మాట తీర్చుకునే దారి దొరికింది. ఆ పూటే రెండు టికెట్లు కొనేశాడు. నెల పెన్షన్‌కి చిల్లు పడింది. నాయనమ్మ రెండు రోజులు సణిగి, మూడో రోజు మంచి బట్టలు తీసి తనే ఇస్త్రీ చేసుకుంది.

పార్కు గేటు దగ్గరే తాత కన్ను అదిరింది. ఆరొందలు కాదే ఇది, వెయ్యి ఎప్పుడో దాటిపోయింది. 'తలో రైడ్‌కీ పోతార్లే' అని సర్దిచెప్పుకున్నాడు. చక్రం దగ్గరికెళ్ళారు. క్యూ తోక దగ్గర బోర్డు ఉంది, తన బోర్డే. రంగు చెదరలేదు. మధ్యలో తను దిద్దిన ఒకటీ సున్నా వేలాడుతున్నాయి.

కన్నేమో యాభై అంటోంది, బోర్డేమో పది అంటోంది. తాత కన్నుని నమ్మలేదు, బోర్డుని నమ్మాడు. తను నేర్పిన చెయ్యి తగిలించిన అంకె మరి. రాత్రిపూట త్వరగా ఎక్కించే ఏర్పాటేదో చేసుంటారు, ముసలి కన్నే పొరబడుంటుంది అనుకున్నాడు.

"పదే నిమిషాలు. నించోగలవా?"

"మీ బోర్డు చెప్పాక కాళ్ళదేముంది" అంది నాయనమ్మ. ఆవిడ ఎప్పుడూ లేనంత ముచ్చటగా నవ్వింది. తాత ఆవిడ చెయ్యి పట్టుకుని కమ్మీల మధ్యకి నడిపించాడు.

పది నిమిషాలయ్యేసరికి స్తంభాలు పన్నెండు దాటాయి. ముందు ఇంకా నలభయ్యెనిమిదున్నాయి.

"ఏమండీ, పదయింది."

"ఇదిగో, కదుల్తోంది."

"కదలడం కాదు, నేను ఒరుగుతున్నాను."

మరో పది నిమిషాలకి నాయనమ్మ కమ్మీ పట్టుకుని నేల మీద కూలబడిపోయింది. తాత ఆవిడ పక్కనే నించుని ముందుకీ వెనక్కీ చూశాడు. ఈసారి కళ్ళు చికిలించాల్సిన పనే లేదు. వెనక అప్పుడే వచ్చి చేరుతున్నవాళ్ళకి బోర్డు ఇంకా పదే చూపిస్తోంది. తాత చేతులెత్తి అరిచాడు.

"ఇక్కడి నుంచి గంట పడుతుందండీ! చిన్నపిల్లలున్నవాళ్ళు వెళ్ళిపోండి! గంట!"

"మధ్యలో నీ గోలేంటి పెద్దాయనా?" అన్నాడు పిల్లని భుజాన వేసుకున్న ఒకాయన. "బోర్డు మీద పదని ఉందిగా."

"అది తప్పు."

"నీకేం తెలుసు? పదేళ్ళుగా వస్తున్నాం, ఆ బోర్డు ఒక్కసారి తప్పలేదు."

తాత నోరు తెరిచాడు. ఆ పదేళ్ళూ తనవేనని చెప్పబోయి, చెప్తే ఇప్పటి పది కూడా తన ఖాతాలోకే వస్తుందని ఆగిపోయాడు.

అరుపులు విని గెడకర్ర పరుగెత్తుకొచ్చాడు. కమ్మీ మీదికి వంగి గొంతు తగ్గించాడు. "బాబాయ్, మీరిప్పుడు డ్యూటీలో లేరు. జనాన్ని బెదరగొట్టకండి."

"ఎంతమందికి అమ్మార్రా?"

గెడకర్ర చుట్టూ చూశాడు. "పధ్నాలుగొందలు."

"నా దగ్గర ఆరొందలన్నావు."

"నాకూ అలాగే చెప్పారు బాబాయ్, మొదట్లో."

"ఆ అంకె తగిలించిందెవరు?"

"నేనే." చొక్కా బొత్తాం తిప్పుకుంటూ అన్నాడు. "లైట్ల బోర్డు కొత్తది తెచ్చారు. తీరా తెచ్చాక వద్దన్నారు. ఈ పాతదే ఉంచమన్నారు. దీన్నయితే జనం నమ్ముతారని."

తాత బోర్డు వైపు చూశాడు. ఇరవయ్యారేళ్ళు ఒక్కొక్క అంకెతో కూడబెట్టిన నమ్మకాన్ని వీళ్ళు ఒక్క పూటలో టికెట్లు చేసి అమ్ముకున్నారు. అమ్మినవాడేమో తన ఇంటి అన్నం తిన్నవాడు. కొన్నవాళ్ళలో మొదటి వెర్రివాడు తను.

"పిన్ని కింద కూర్చుండిపోయింది బాబాయ్. దించే గేటు నుంచి ఎక్కించేస్తాను, రండి. ఎవరూ చూడరు."

"వద్దు."

"బాబాయ్..."

"ఇంతమందిని నించోబెట్టి దొడ్డిదారిన ఎక్కుతానా? వద్దన్నానా!"

అప్పుడు నాయనమ్మ కింద నుంచి చెయ్యి చాపింది. తాత తనకే చాపిందనుకున్నాడు. ఆ చెయ్యి గెడకర్ర మోచెయ్యి పట్టుకుంది.

"నన్ను లేపరా" అంది. లేచి బట్టలు దులుపుకుంది. "నేను ఎక్కుతాను."

"ఏంటీ?"

"చక్రం. డబ్బు కట్టాం. మీరొస్తారా?"

"రాను."

"సరే" అంది. ఒక్క నిమిషమైనా బతిమాలలేదు. గెడకర్ర చెయ్యి పట్టుకుని, మెల్లగా, దించే గేటు వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయింది. గేటు దగ్గర వెనక్కి తిరుగుతుందని తాత అనుకున్నాడు. తిరగలేదు.

చక్రంలో ఒంటరి మనిషిని ఎక్కించకూడదని రూలు. తాత తన కాలంలో ఎంతోమందిని ఆ రూలు చెప్పి వెనక్కి పంపాడు. ఇప్పుడు ఆ రూలు ప్రకారమే గెడకర్ర నడుం వంచి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, నాయనమ్మ పక్కన కూర్చున్నాడు. తొట్టి పైకి లేచింది. తాత కమ్మీల మధ్య నించుని అది పైకెళ్ళడం, కిందికి రావడం, మళ్ళీ పైకెళ్ళడం చూశాడు. పైన ఆవిడ దేన్నో వేలితో చూపిస్తోంది. పక్కన వాడు తలూపుతున్నాడు. ఎనిమిది నిమిషాలు. ఆ అంకె ఒక్కటే ఆ రాత్రి నిజం చెప్పింది.

బస్సులో ఇద్దరూ చెరో కిటికీ వైపు కూర్చున్నారు. సగం దారిలో తాత ఉండబట్టలేకపోయాడు.

"నా చోట వాణ్ణి కూర్చోబెట్టుకున్నావు."

"నా చోట ఇరవయ్యారేళ్ళు ఆ బోర్డుని కూర్చోబెట్టుకున్నారు మీరు" అంది నాయనమ్మ, కిటికీ లోంచి చూపు తిప్పకుండా.

"వాడు నన్ను మోసం చేశాడే!"

"చేశాడు. పైన ఏడ్చాడు కూడా. నేనేం ఓదార్చలేదు, ఊరు చూశాను."

ఇల్లు చేరాక తాత అన్నం వద్దన్నాడు. నాయనమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుని, తను తిని, దీపమార్పేసింది.

మర్నాడు పొద్దున్న మెట్ల మీద ఎదురింటావిడ తాతని ఆపింది. ఇద్దరు పిల్లలావిడ. రాబోయే జీతంలోంచి రాత్రి స్పెషల్ టికెట్లు కొనాలా వద్దా అని వారం నుంచీ ఊగిసలాడుతోంది.

"నిన్న రాత్రి వెళ్ళారటగా బాబాయిగారూ? మీరు చెప్తే తిరుగుండదు. అంత పెట్టి కొనొచ్చా?"

తాత పాలసీసా ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. తిరుగుండదన్న మాట నిన్నటి నుంచీ చెవిలో ముల్లులా ఉంది.

"కొనకమ్మా" అన్నాడు. "పధ్నాలుగొందల మందిని కుక్కుతున్నారు. గంట నించోబెడతారు. ఆ బోర్డుని నమ్మకు."

"మరి పిన్నిగారేమో ఇందాక గుమ్మంలో కనబడి, అబ్బ, ఎంత బావుందో అన్నారే?"

లోపల ఇస్త్రీపెట్టె బల్ల మీద చుయ్యిమంది. తాత అటు చూడలేదు.

"ఆవిణ్ణే అడుగమ్మా" అన్నాడు. "చక్రమెక్కింది ఆవిడ. నేను డబ్బిచ్చి నించున్నవాణ్ణి."