కాళ్ళు తాకే ఐలేశం

ఎవరినైనా పలకరించాలంటే ఐలేశం ముందు వాళ్ళ కాళ్ళు తాకుతాడు. భక్తితో కాదు, వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో చూడటానికి. నల్లగొండలో నేను డాక్టరుగా పనిచేసిన దవాఖానలో అతను పన్నెండేళ్ళుగా ఐసీయూ అటెండరు. పేషెంటు పాదాల మీద అరచేయి ఆనించి, ఏదో గొణిగి, తీర్పు చెప్తాడు. ఆ గొణుగుడు మంత్రమని నర్సుల నమ్మకం. పిచ్చి అని నా నమ్మకం. వరసగా రెండేసి డ్యూటీలు చేసే నాకు ఇంకొకరి పిచ్చిని భరించే ఓపిక ఎక్కడిది?

ఒకసారి తనిఖీకి పెద్దసారు వచ్చాడు. ఐలేశం వంగి కాళ్ళు తాకగానే ఆయన మెత్తబడి, "లే, లే, నీ పర్మినెంటు సంగతి చూస్త తియ్" అన్నాడు.

"గది కాదు సార్. మీ కాళ్ళు సల్లగున్నయ్. పొద్దుగాల ఏమన్న తిన్నరా?"

తినలేదట. తనిఖీ ఆపి ఉప్మా తెప్పించాం.

చౌటుప్పల్‌లో తన మేనకోడలి పెళ్ళిలో అయితే, వరుడి కాళ్ళు కడిగే వేళ పాదం పట్టి చూసి, "పిలగాడు బుగులు పడ్డడు, భయంతోటి కాళ్ళు సల్లబడ్డయ్, జర ఆగున్రి" అని పంతులినే ఆపేశాడు. ముహూర్తం పోతుందని పంతులు మొత్తుకుంటే ఆయన కాళ్ళూ చూశాడు.

అలాంటివాడితో నేను ఒక మధ్యాహ్నం పోట్లాడాను. మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి బిక్షమ్మ అనే ఆమెను న్యుమోనియాతో తెచ్చారు. వెంటిలేటరు పెట్టినా ఆక్సిజన్ ఎనభై నాలుగు దాటలేదు. నేను గాలి ఒత్తిడి పెంచాను. తొంభై ఆరుకెక్కింది. కుర్చీలో కూలబడి, నా భుజం నేనే తట్టుకున్నాను.

ఐలేశం ఆమె పాదాలు తాకాడు. "సార్, గాలి ఎక్కింది గని కాళ్ళు సల్లబడ్డయ్."

"ఏసీకి చల్లబడ్డాయిలే."

"ఏసీ మొన్నటి సంది నడుస్తలేదు సార్."

విసుక్కుంటూనే లేచాను. బీపీ డెబ్బైకి దిగుతోంది. మనంతట మనం ఊపిరి పీలిస్తే ఛాతీ గాలితో పాటు రక్తాన్నీ గుండె వైపు లాక్కుంటుంది. యంత్రం అలా కాదు, గాలిని లోపలికి తోస్తుంది. అలా ఉబ్బిన ఊపిరితిత్తులు రక్తనాళాలను నొక్కితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది. పరీక్షలో ఇదే రాసి పాసయ్యాను నేను.

"ఒక్క అర్రల ఇద్దరు కిరాయికున్నరు సార్," అన్నాడు ఐలేశం. "ఒకరు కాళ్ళు చాపితే ఇంకొకరు ఏడ కూసుంటరు? గుండెకు జర జాగియ్యున్రి."

ఒత్తిడి తగ్గించాను. సెలైన్, బీపీ పెంచే మందు ఎక్కించాను. ఆక్సిజన్ తొంభై ఒకటి దగ్గర ఆగింది. అది చాలు. ఇరవై నిమిషాలు ఇద్దరం చెరో పాదం పట్టుకుని నిలబడ్డాం. ముందు అతని వైపు పాదం వెచ్చబడింది. నిజం చెప్పాలంటే నాకు ఈర్ష్య కలిగింది.

అప్పుడే ఆ గొణుగుడు మొదటిసారి దగ్గరగా విన్నాను. మంత్రం కాదు. "బిక్షమ్మా, నీ కొడుకు రాంచందర్ బయటనే ఉన్నడు. గాయన బదులు తాకుతున్న."

తలుపు బయట రాంచందర్ నిలబడి ఉన్నాడు. "తాకినవా అన్నా?"

"తాకిన. వెచ్చగైనయ్. నువ్వు పొయ్యి అన్నం తిను."

లోపలికి మనుషుల్ని రానివ్వం కదా. పన్నెండేళ్ళుగా బయటివాళ్ళ చేతులన్నీ ఇతనే లోపలికి మోస్తున్నాడు. పిచ్చి అన్నందుకు సిగ్గుపడ్డాను. పదో రోజు బిక్షమ్మ గొట్టం తీశాం. ఆమె గొంతు పెగిలించుకుని అడిగిన మొదటి మాట, "నా కాళ్ళు పట్టుకునేటాయన ఏడి?"

ఆ రోజు డ్యూటీ గదిలో బూట్లు విప్పి అలాగే ఒరిగిపోయాను. కాసేపటికి పాదం మీద ఒక అరచేయి తగిలింది. "విజేందర్ సారూ, మీ అమ్మ అండాలమ్మ ఫోన్ చేసింది. మీరు ఎత్తుతలేరట. గామె బదులు తాకుతున్న." తర్వాత ఫోన్లో, "వెచ్చగనే ఉన్నడమ్మా, ఫికర్ చెయ్యకు. అన్నమే తినలె."

నేను కళ్ళు తెరవలేదు. నిద్రలో కదిలినట్టు నటిస్తూ రెండో పాదం కూడా అతని వైపు జరిపాను.