అక్క ఊదిన ట్రావెల్

బాస్కెట్‌బాల్‌లో బంతి చేతిలో పట్టుకుని నడిస్తే దాన్ని ట్రావెల్ అంటారు. రిఫరీ ఈల ఊది, రెండు పిడికిళ్లను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చూపిస్తే చాలు, బంతి అవతలి జట్టుకు పోతుంది. బంతిని పట్టుకున్నాక రెండడుగులు వేయొచ్చు, మూడోది వేయకూడదు. వినడానికి ఇంత తేలిక. చిక్కంతా లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే. బంతిని నేలకు కొడుతూ పరుగెత్తే మనిషి దాన్ని చేతుల్లోకి తీసుకునే క్షణానికి ఒక కాలు నేల మీదే ఉంటుంది. ఆ కాలును ఒకటి అని లెక్కపెట్టాలా, అసలు లెక్కలోకే తీసుకోకూడదా? దీనికి నేను ఒక్కో ఊళ్లో ఒక్కో జవాబు విన్నాను. మా అక్క నోట మాత్రం రెండు జవాబులూ విన్నాను.

ఆమె నా తోడబుట్టింది కాదు. నర్సంపేట దగ్గర పల్లెటూరు వాళ్లది. వాళ్ల నాన్న పత్తి వేసేవాడు. ఆమె హనుమకొండలో హాస్టల్లో ఉండి చదువుకునేది, అక్కడి గ్రౌండులో నాకంటే ముందు నుంచీ ఆడేది. మా ఇల్లు కాశిబుగ్గలో. మా నాన్నకు వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. హైస్కూల్లో ఉండగా నేను రోజూ గ్రౌండుకు పోతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. పొద్దుపోయాక ఆడపిల్ల ఒక్కతే ఆటోలో రావడమేమిటని అమ్మ గొడవ. ఒక ఆదివారం ఆమే మా ఇంటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి అమ్మతో మాట్లాడింది.

"చిన్నమ్మా, నేనే తోల్కపోత, నేనే తెచ్చి దింపుత. నువ్వేం ఫికర్ చెయ్యకు."

అమ్మ ఆమెకు అన్నం పెట్టింది. అప్పట్నుంచి ఆదివారాలు ఆమె మా ఇంట్లోనే తినేది. అమ్మ పచ్చిపులుసు చేస్తే నాకంటే ముందు ఆమెకే పోసేది. నాన్న నా మీద నమ్మకంతో కాదు, ఆమె మీద నమ్మకంతో నన్ను ఆడనిచ్చాడు.

గ్రౌండులో మాకు నేర్పే సార్ పాతకాలం ఆటగాడు. "పట్టుకుంటె ఒకటి, ఎగిరేటప్పుడు రెండు, ఇంకోటి ఏసినవంటె ఈలనే" అనేవాడు. ఆయన లెక్కలో నేల మీదున్న కాలు ఒకటే. అలా నేర్చుకుంటే పొడుగు వాళ్లకు ఇబ్బంది లేదు. నేను పొట్టిదాన్ని. బంతి అందుకుని ఒక్క అడుగు వేసి ఎగిరితే నా షాట్‌కు ఎవరిదో ఒకరి చెయ్యి అడ్డం వచ్చేది.

అక్కకు అది కనిపించింది. ఆమె దగ్గర అద్దం పగిలిన ఫోన్ ఒకటి ఉండేది. అందులో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఆటల ముక్కలు చూపించేది. వాళ్లు బంతిని చంకలో పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోతుంటే నాకు నవ్వొచ్చింది.

"నడిచి పోతాండు గదక్కా. ట్రావెల్ కాదా?"

"వాళ్లకు కాదు. బంతి చేతిలకొచ్చినప్పుడు నేల మీదున్న కాలు వాళ్లకు సున్న. ఆడికెల్లి రెండు. గా సున్నను నువ్వు పట్టుకున్నవనుకో, ఎంత పొడుగోళ్లున్నా నిన్ను ఆపలేరు."

అమెరికా స్కూళ్లలో, కాలేజీల్లో మాత్రం ఈ సున్నాను ఒప్పుకోరని, ఒకే దేశంలో ఒకే ఆటకు రెండు లెక్కలున్నాయని కూడా ఆమే చెప్పింది. కొన్నాళ్లకు అంతర్జాతీయ నియమాల్లోనూ ఆ సున్నా చేరింది. మన దేశంలో ఆడేది ఆ నియమాల ప్రకారమే. కానీ మా దగ్గరి రిఫరీల్లో కొందరికి ఆ సంగతి చేరలేదు. చేరినవాళ్లలో కొందరు ఒప్పుకోలేదు. ఇంకో తమాషా ఏమంటే, నిలబడిన చోటు నుంచి బయల్దేరేటప్పుడు బంతి నేలకు కొట్టకముందే కాలు లేపితే అమెరికా వాళ్లు చాలాసార్లు చూసీచూడనట్టు వదిలేస్తారు, మిగతా ప్రపంచం మాత్రం ఈల ఊదుతుంది. అందుకే అక్క నాకు మొదటి అడుగు దగ్గర కఠినంగా ఉండేది, చివరి అడుగుల దగ్గర ధైర్యం చెప్పేది. సార్ కోప్పడినా, సార్ వెళ్లాక మేమిద్దరం కోర్టులో మిగిలి అదే సాధన చేసేవాళ్లం.

పక్క జిల్లాలో ఒక టోర్నమెంటుకు వెళ్లాం. అక్కడి రిఫరీ నేను ఆ అడుగు వేసిన ప్రతిసారీ ఈల ఊదాడు. అక్క మా కెప్టెన్. ఆయన దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త నియమం ఇలా ఉంది సార్ అని మర్యాదగానే చెప్పింది. ఆయనకు కోపం వచ్చి ఆమె మీద టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. అయినా వదలకుండా ఇంకోసారి అడిగింది. రెండో ఫౌల్‌తో బయటికి పంపాడు. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే ఆమె పల్లీల పొట్లం నా ఒళ్లో పెట్టి, "నీ దిక్కు ఎవ్వరో ఒకరు మాట్లాడాలె గద. ఊకో" అంది.

డిగ్రీ అయ్యాక ఆమెకు మోకాలి నొప్పి మొదలైంది. ఆడటం మానేసి రిఫరీ పరీక్ష రాసి పాసైంది. మేము స్వీట్లు పంచుకున్నాం. ఆమె కొత్త నియమాలన్నీ చదువుకుని వచ్చి సార్‌కు ఓపిగ్గా చెబితే ఆయన కూడా చివరికి సరేనన్నాడు. సాయంత్రాలు ఆమె బుట్ట కింద గీత దగ్గర నిలబడి నా కాళ్లను మాత్రమే చూసేది. నేను ఎగిరి దిగగానే "క్లీన్" అనేది. తప్పు పడితే తల అడ్డంగా ఊపేది. ఆమె కన్ను ఎలాంటిదో నాకంటే ఎక్కువగా ఎవరికీ తెలియదు.

నేను డిగ్రీలో ఉండగా కాలేజీల టోర్నమెంటులో మా జట్టు ఫైనల్‌కు వచ్చింది. హనుమకొండలోనే మ్యాచ్. రాష్ట్ర శిబిరానికి అమ్మాయిలను ఎంపిక చేసేవాళ్లు చూడటానికి వచ్చారు. నాన్న మొట్టమొదటిసారి దుకాణం షట్టర్ మధ్యాహ్నమే దించి వచ్చి, జేబురుమాలు పరుచుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఇద్దరు రిఫరీల్లో ఒకరు అక్క. ఆమెకు అదే మొదటి పెద్ద మ్యాచ్. ఇంకొకరు జిల్లాలో అందరికీ తెలిసిన సీనియర్ సార్. నల్ల ప్యాంటు, బూడిద రంగు చొక్కాలో ఆమెను చూసి నాకు గర్వమనిపించింది. పలకరించలేదు. పలకరించకూడదని మాకిద్దరికీ తెలుసు.

మొదటి సగంలో ఆమె ముందు నుంచి అదే అడుగు వేసి బుట్టలో వేశాను. ఈల లేదు. విరామం తర్వాత ఆ సీనియర్ సార్ ఉన్న వైపు వేస్తే వెంటనే ఊదాడు. ఆయన పాత లెక్క మనిషి కదా, సరే అనుకున్నాను. అప్పట్నుంచి ఆయన వైపు పోవడమే మానేశాను. ఆయన ఎటు నిలబడితే దానికి అవతలి వైపు నుంచి, అంటే అక్క ఉన్న వైపు నుంచే బంతి తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాను.

ఆట చివరికొచ్చింది. మేము ఒక్క బుట్ట వెనకబడి ఉన్నాం. బంతి నాకే వచ్చింది. అక్క బుట్ట కింద కుడివైపు గీత దగ్గర నిలబడి ఉంది. నేను కుడివైపే వెళ్లాను. బంతి చేతుల్లోకి తీసుకున్నాను, సున్నా, రెండడుగులు, ఎగిరాను. రోజూ వేసే అడుగులే. బంతి బుట్టలో పడింది. మా వాళ్ల అరుపుల మధ్య ఈల వినిపించింది. ఎవరైనా నన్ను తోశారేమో, ఫౌల్ ఇచ్చిందేమో అని సంతోషంగా అక్క వైపు తిరిగాను. ఆమె పిడికిళ్లు తిప్పుతోంది. నా ముఖం చూడటం లేదు, అధికారులు కూర్చున్న బల్ల వైపు చూస్తోంది.

మ్యాచ్ పోయింది. చేతులు కలపడాలవీ అయ్యాక నేను కుళాయిల దగ్గరికి వెళ్లాను. ఆమె అక్కడ బూట్లు విప్పుకుంటోంది.

"అక్కా, అది సున్ననే గదా."

"అవును." లేసు ముడి చూస్తూనే అంది.

"మరి ట్రావెల్ ఎందుకిచ్చినవ్?"

"ఇంటర్వెల్ల సీనియర్ సార్ పిలిచి చెప్పిండు. ఇద్దరం రెండు తీర్ల ఊదితె లొల్లయితది, నా తీరుగనే ఊదు అన్నడు. స్టేట్ రిఫరీల ప్యానెల్‌కు నా పేరు పంపేది ఆయననే."

"అయితె జర మాకు చెప్పాలె గద. రెండు జట్లను పిలిచి, ఇగ ఇట్ల ఊదుతమని చెప్తె అయిపోతుండె."

"సార్ ఊదినప్పుడన్న నీకు సమజ్ అయితదనుకున్న."

"సమజ్ అయ్యే నీ దిక్కు వచ్చిన."

ఆమె లేచి నిలబడింది. "చూసిన" అంది. బూట్లు చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో అధికారుల గది వైపు వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లేటప్పుడు నాన్న స్కూటర్ మెల్లగా నడిపాడు. ఆయనకు ఈ సున్నాలూ రెండ్లూ తెలియవు. పోచమ్మ మైదాన్ దాటాక మాత్రం అడిగాడు.

"ఈల ఊదింది మన పిల్లనే గదనే?"

"అవును నాన్నా."

ఆయన ఇంటికి వచ్చాక అమ్మకు మ్యాచ్ ఓడిపోయామని మాత్రం చెప్పాడు.

శిబిరానికి నన్ను పిలవలేదు. అడుగులు సరిగ్గా లేవు, ట్రావెల్ చేస్తుంది అన్నారని మా సార్ వెళ్లి కనుక్కుని వచ్చి చెప్పాడు. అక్క పేరు ప్యానెల్‌కు వెళ్లింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆమె రాలేదు. అమ్మ అడుగుతూనే ఉండేది, పని ఉందట అని నేను చెబుతుండేదాన్ని. ఒకసారి ఆమె వచ్చిందని, నేను దుకాణంలో ఉంటే ఫోన్ చేసి పిలిచింది అమ్మ. గిరాకీ ఉందని చెప్పి, ఖాళీ దుకాణంలో గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాను. ఆమె తిని వెళ్లిపోయిందట.

అంతటితో ఆగి ఉంటే నేను ఎప్పుడో ఒకప్పుడు సర్దుకునేదాన్నేమో. కొత్తగా వచ్చిన రిఫరీ, పెద్దాయన మాట కాదనలేకపోయింది అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నేను పీఈటీగా ఒక ప్రైవేటు స్కూల్లో చేరిన తర్వాత, వ్యాయామ ఉపాధ్యాయులకు నియమాల శిక్షణ పెట్టారు. ఆలస్యంగా వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. చెప్పడానికి వచ్చింది ఆమే. తెర మీద వీడియోలు వేసి, ఏ దేశంలో ఏ లీగ్ ఈ అడుగును ఎలా చూస్తుందో చక్కగా చెబుతోంది. చివరికి ఒక వీడియో పెట్టింది. ప్రేక్షకుల్లోంచి ఎవరో ఫోన్‌తో తీసింది. పొట్టి అమ్మాయి ఒకతి కుడివైపు నుంచి వెళ్లి బంతి బుట్టలో వేస్తుంది, ఈల వినిపిస్తుంది. ఈల ఊదిన మనిషి ఫ్రేములో లేదు.

"ఈ అమ్మాయి అడుగులు చూడండి. పూర్తిగా కరెక్ట్. కానీ అవగాహన లేక ట్రావెల్ ఇచ్చారు. మనం ఇలాంటి తప్పులు చేయకూడదు" అంది.

ముందు వరసలో ఒకాయన అడిగాడు. "ఎవరు మేడమ్ ఆ రిఫరీ?"

"ఎవరో లోకల్" అని ఆమె తర్వాతి వీడియోకు వెళ్లింది.

నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. టీ విరామంలో ఆమె నన్ను చూసి, తాగుతున్న కప్పు పక్కన పెట్టి వచ్చింది.

"నువ్వొస్తవని నాకు తెల్వది."

"తెలిస్తె చూపెట్టకపోదువా?"

"అందరికి రూల్ తెలవాలె గదా అని పెట్టిన. నీది తప్పు లేదనే గద చెప్పిన."

"నాది తప్పు లేదని ఆ రోజే నీకు తెలుసు. అవగాహన లేక అంటివి సూడు, గది అబద్ధం."

ఆమె చుట్టూ చూసింది. ఎవరో ఆమెను లోపలికి పిలిచారు. వెళ్లింది. నేను మధ్యాహ్నం సెషన్‌కు ఉండలేదు.

నాకు ఓటమి మర్చిపోవడం తెలుసు. ఆడేవాళ్లకు అది రాకపోతే ఆడలేరు. కానీ నా అడుగులు నిజంగానే తప్పేమో అని ఆ ఫైనల్ తర్వాత చాలాకాలం అనుమానపడ్డాను. కుళాయిల దగ్గర ఆమె అవునన్నది నన్ను ఓదార్చడానికేమో అనిపించేది, ఊదింది ఆమె కాబట్టే అనుమానపడ్డాను. ఇంకెవరు ఊదినా పట్టించుకునేదాన్ని కాదు. ఆ అనుమానంతోనే ఆడటం తగ్గించాను. ఆమె దగ్గర మాత్రం జవాబు మొదటి నుంచీ ఉంది.

ఇప్పుడు నా దగ్గర స్కూలు అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. వాళ్లకు రెండు లెక్కలూ నేర్పిస్తాను. ప్రతి మ్యాచ్ ముందు రిఫరీ దగ్గరికి వెళ్లి, అవతలి కోచ్ ముందరే అడుగుతాను. కొందరు చిరాకుపడతారు, కొందరు చెబుతారు. ఈమధ్య ఒక స్కూళ్ల టోర్నమెంటులో కోర్టు మధ్యలో నిలబడి ఉన్నది ఆమే. నేను మామూలుగానే వెళ్లాను.

"మేడమ్, ఇయ్యాల జీరో స్టెప్ ఇస్తున్నరా?"

మేడమ్ అన్న మాటకు ఆమె కళ్లు ఒక్కసారి నా మీద ఆగాయి. "ఇస్తున్న" అంది.

"ఆఖరి దాంక ఇస్తరా?"

అవతలి కోచ్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆమె ఈలను వేళ్ల మధ్య తిప్పి, "ఆఖరి దాంక" అంది.

మాట మీద నిలబడింది. మా అమ్మాయిలు గెలిచారు కూడా. స్కోరు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పక్కకు వచ్చి, మెల్లగా అడిగింది.

"చిన్నమ్మ ఎట్లున్నది?"

"మంచిగున్నది మేడమ్."

ఇంకేదో అంటానని ఆమె అక్కడే నిలబడింది. అమ్మాయిలు వ్యాను దగ్గర్నుంచి పిలుస్తున్నారు. నేను బంతుల సంచి భుజానికి వేసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను.